పాలపళ్ళు ఊడిపోయేదాకా ఆగవచ్చా? ఒక పిల్లల దంత వైద్యురాలి సమాధానం

ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. స్వస్థలం నల్గొండ జిల్లా, ఉండేది హైదరాబాదులో. పెద్దబాబుకు మూడున్నరేళ్ళు. పై వరస ముందు పళ్ళు నాలుగూ గోధుమ రంగుకు తిరిగి అంచులు విరుగుతున్నాయి. కింది దవడ పన్ను ఒకటి పుచ్చి రాత్రుళ్ళు నొప్పితో ఏడ్చేవాడు, రెండు రోజులుగా మాత్రం నొప్పి లేదంటున్నాడు. దంత వైద్యుడు ఆ పన్నుకు రూట్ కెనాల్ చేసి స్టీలు క్యాప్ వేయాలన్నారు. పాలపళ్ళకు రూట్ కెనాల్ ఏమిటి, ఎలాగూ ఊడిపోయేవే కదా అని అత్తగారు. కాల్షియం తక్కువైందని పక్కింటివారు. ఫ్లోరైడ్ ఉన్న పేస్టు విషమని, నల్గొండవాళ్ళకు ఆ సంగతి వేరే చెప్పాలా అని బంధువులు. ఉత్తరం చివర్లో ఇంకో మాట: చిన్నపాపకు ఎనిమిది నెలలు, పళ్ళు వస్తున్నాయి కాబట్టి మూడు రోజులుగా విరేచనాలు, దానికి భయపడనక్కర్లేదు కదా?

అమ్మా, ఆ చివరి మాటతోనే మొదలుపెడతాను. మిగతావన్నీ రేపటిదాకా ఆగగలవు, అది ఆగలేదు.

పళ్ళు రావడం వల్ల విరేచనాలు కావు. జ్వరం కూడా రాదు. పన్ను చిగురును చీల్చుకుని వచ్చే ఆ కొద్ది రోజుల్లో చొంగ ఎక్కువగా కారుతుంది, చిగుళ్ళు దురద పెడతాయి, బిడ్డ చిరాకు పడుతుంది, నిద్ర చెడుతుంది, ఒళ్ళు కాస్త వెచ్చబడవచ్చు. అంతవరకే. 100.4 డిగ్రీలు దాటిన జ్వరానికి, నీళ్ళ విరేచనాలకు, వాంతులకు కారణం వేరే ఉంటుంది. అయితే ఈ నమ్మకం ఇంత బలంగా ఎందుకు నాటుకుంది? ఆరో నెల దగ్గర మూడు సంగతులు ఒకేసారి జరుగుతాయి. తల్లి కడుపులో ఉన్నప్పుడు అందిన రక్షణ తగ్గిపోతూ ఉంటుంది, బిడ్డ పాకడం మొదలుపెట్టి చేతికి దొరికినదల్లా నోట్లో పెట్టుకుంటుంది, తల్లిపాలతో పాటు బయటి ఆహారం, నీళ్ళు మొదలవుతాయి. సరిగ్గా అప్పుడే పళ్ళూ వస్తాయి. కడుపులోకి క్రిమి చేరితే నింద పంటి మీద పడుతుంది.

ఈ నింద వల్ల పంటికి వచ్చే నష్టమేమీ లేదు, నష్టమంతా బిడ్డకే. ఎనిమిది నెలల పిల్ల ఒంట్లో నీరు తగ్గిపోవడానికి ఎంతోసేపు పట్టదు. విరేచనం అయిన ప్రతిసారీ ఓఆర్ఎస్ నీళ్ళు చెంచాతో కొద్దికొద్దిగా పట్టండి, మీ పాలు ఆపకండి, మూడు రోజులైంది కాబట్టి ఈ రోజే పిల్లల డాక్టరుకు చూపించండి. జింక్ మందు కూడా ఆయన రాస్తారు, విరేచనాలు కట్టినా ఆ మందు పూర్తిగా 14 రోజులు వేయాలి. కళ్ళు లోతుకు పోయినా, మూత్రం తగ్గినా, విరేచనంలో రక్తం కనిపించినా, పాప నీరసంగా సోలిపోతున్నా సాయంత్రం దాకా కూడా ఆగవద్దు. చిగుళ్ళ దురదకు శుభ్రమైన తడి గుడ్డను ఫ్రిజ్‌లో కాసేపు చల్లబరిచి కొరకనిస్తే చాలు, కడుక్కున్న వేలితో చిగుళ్ళు మెల్లగా రుద్దినా చాలు. తిమ్మిరెక్కించే జెల్ రాయవద్దు. బెంజోకెయిన్ ఉన్న జెల్‌ల వల్ల రక్తం ఆక్సిజన్‌ను మోయలేని ప్రమాదం అరుదుగానైనా రావచ్చని, రెండేళ్ళ లోపు పిల్లలకు వాడవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో గట్టిగా హెచ్చరించింది. చిగుళ్ళకు తేనె రాయడం కూడా ఏడాది నిండేదాకా వద్దు. పై పళ్ళు ముందు వస్తే మేనమామకు గండమని ఎవరైనా అంటే ఆ మాట వినకండి. ఏ పన్ను ముందు వచ్చినా అది ఆ బిడ్డ ఎదుగుదల వరస మాత్రమే.

ఇక పెద్దబాబు సంగతి.

మీ అత్తగారి మాటలో సగం నిజం ఉంది. పాలపళ్ళు 20, అవన్నీ ఊడిపోతాయి. ఎప్పుడు ఊడతాయన్నదే అసలు ప్రశ్న. ముందు పళ్ళు ఆరేడేళ్ళకు కదులుతాయి. వెనక దవడ పాలపళ్ళు మాత్రం పది నుంచి పన్నెండేళ్ళ దాకా ఉండాలి. మీ బాబుకు ఇప్పుడు పుచ్చిన పన్ను ఇంకో ఆరేడేళ్ళు పని చేయాల్సిన పన్ను. అన్నం నమలాలి, పెరిగే దవడలో తన చోటు కాపాడాలి. బస్సు సీటులో రుమాలు వేసి చోటు ఆపినట్టు, కింద తయారవుతున్న శాశ్వత పన్ను కోసం పాలపన్ను ఆ చోటును పట్టి ఉంచుతుంది. అది ముందే పోతే వెనక పన్ను ముందుకు జరుగుతుంది, కొత్త పన్ను వచ్చేసరికి దారి మూసుకుపోతుంది, అది పక్కకో లోపలికో మొలుస్తుంది. పన్నెండేళ్ళ పిల్లకు పళ్ళు వంకర పోయాయని క్లిప్పుల కోసం వచ్చే కుటుంబాలను ఐదో ఏట ఏం జరిగిందని అడుగుతుంటాను. ‘పాలపన్నే కదా అని తీయించేశాం’ అన్న జవాబు తరచుగా వస్తుంది.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. పాలపన్ను మీది ఎనామెల్, అంటే గట్టి పైపొర, శాశ్వత పంటి ఎనామెల్‌లో దాదాపు సగం మందమే. లోపలి నరం మాత్రం పెద్దది, పైపొరకు దగ్గరగా ఉంటుంది. అందుకే పెద్దవాళ్ళలో ఏళ్ళ తరబడి నిదానంగా సాగే పుచ్చు పిల్లల్లో నెలల్లో నరం దాకా పోతుంది. ‘చిన్న నల్ల చుక్కే కదా, వేసవి సెలవుల్లో చూపిద్దాం’ అని సంక్రాంతికి అనుకుంటే, సెలవులు వచ్చేసరికి సిమెంట్ పెట్టి సరిచేయగలిగిన పన్ను రూట్ కెనాల్ పన్ను అయి ఉంటుంది.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టిన వాక్యం ‘రెండు రోజులుగా నొప్పి లేదంటున్నాడు’. నొప్పి పోతే పన్ను బాగుపడిందనుకోవడం పిల్లల పళ్ళ విషయంలో అన్నిటికంటే ఖరీదైన అపోహ. పుచ్చిన పన్ను తనంతట తాను మానదు. రాత్రుళ్ళు ఏడిపించిన నొప్పి ఉన్నట్టుండి ఆగిపోయిందంటే చాలాసార్లు లోపలి నరం చచ్చిపోయిందని అర్థం. బాధపడే నరం లేదు కాబట్టి బాధ లేదు, సూక్ష్మజీవులు మాత్రం పంటి వేళ్ళ గుండా ఎముకలోకి దిగుతూనే ఉంటాయి. దవడ పాలపళ్ళలో ఆ చీము వేళ్ళ మధ్య చేరుతుంది. శాశ్వత పన్ను మొగ్గ ఉండేది సరిగ్గా అక్కడే. మూడున్నరేళ్ళ వయసులో ఆ మొగ్గ మీద ఎనామెల్ ఇంకా పోసుకుంటూ ఉంటుంది. చీము చాలాకాలం తగిలితే పదకొండో ఏట వచ్చే కొత్త పన్ను మచ్చలతో, గుంటలతో రావచ్చు. బాబు పెదవిని వేలితో పక్కకు లాగి ఆ పన్ను పక్కన చిగురు చూడండి. మొటిమలాంటి పొక్కు ఉంటే అది చీము దారి. నొప్పి లేకపోయినా ఈ వారంలోనే చూపించాలి. చెంప వాచినా, వాపు కంటి వైపుకో దవడ కిందికో పాకినా, జ్వరం వచ్చినా, నోరు తెరవలేకపోయినా, మింగలేకపోయినా ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్ళండి. బయటినుంచి వేడి కాపడం పెట్టకండి, వాపు పెరుగుతుంది. మాత్ర పొడి చేసి చిగురు మీద పెట్టకండి, అక్కడ చర్మం కాలిపోతుంది. పసిపిల్లల నోట్లో లవంగ నూనె పోసినా అంతే.

పాలపన్నుకు చేసే రూట్ కెనాల్ పెద్దవాళ్ళకు చేసేదానిలాంటిది కాదు. నరం పై భాగమే చెడితే ఆ భాగం వరకే తీసి మందు పెట్టి మూసేస్తాం. మొత్తం చెడితే వేళ్ళు శుభ్రం చేసి, పాలపంటి వేరు కరిగేటప్పుడు తానూ కరిగిపోయే మందు నింపుతాం. శాశ్వత పన్ను వచ్చే వేళకు దానికి అడ్డు ఉండకూడదు కాబట్టి ఆ మందునే ఎంచుకుంటాం. మీద స్టీలు క్యాప్ ఎందుకంటే, అంతగా తొలిచిన పాలపన్నుకు వట్టి సిమెంట్ ఎక్కువ కాలం నిలవదు, విరిగిపోతుంది. పన్ను ఊడే రోజున క్యాప్ కూడా దానితోనే ఊడుతుంది. ఇది డబ్బు కోసం పుట్టించిన వైద్యం కాదు.

అయినా మీరు ప్రశ్నించడం తప్పు కాదు, ప్రశ్నించాలి కూడా. ఎక్స్‌రే తీసి చూపించమనండి. నరం ఎంతవరకు చెడింది, వేళ్ళ కింద ఎముక ఎలా ఉంది, శాశ్వత పన్ను ఎంత దూరంలో ఉంది అని అడగండి. మంచి వైద్యుడు విసుక్కోకుండా చూపిస్తారు. వేరు బాగా కరిగిపోయినా, ఎముక ఎక్కువగా దెబ్బతిన్నా పన్ను తీసేయడమే సరైన దారి. అప్పుడు చోటు మూసుకుపోకుండా చిన్న తీగ పరికరం పెట్టాలా అని అడగడం మరచిపోకండి. తీయించాల్సి వస్తే ‘పై పన్ను తీస్తే కంటిచూపు తగ్గుతుంది’ అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. పంటికి వెళ్ళే నరం వేరు, చూపును మోసే నరం వేరు. పన్ను తీయడం వల్ల చూపు తగ్గదు. చీము పట్టిన పై పన్నును అలాగే వదిలేస్తే మాత్రం వాపు కంటి దాకా పోయే ప్రమాదం నిజంగానే ఉంది.

ఖర్చే అడ్డమైతే అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రిలో పిల్లల దంత విభాగం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడ, కడపలలో ప్రభుత్వ దంత కళాశాలలు ఉన్నాయి. అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు పరీక్షలకు వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు పళ్ళు కూడా చూస్తాయి. చాలామంది తల్లిదండ్రులకు ఆ సంగతే తెలియదు.

ముందు పళ్ళు నాలుగింటికి వేరే కథ. పై ముందు పళ్ళు పాడై కింది ముందు పళ్ళు బాగుంటే, అడగకుండానే చెప్పగలను: బాబు పాల సీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయేవాడు. చప్పరించేటప్పుడు నాలుక ముందుకు వచ్చి కింది పళ్ళను కప్పుతుంది, లాలాజలం కూడా అక్కడే ఊరుతుంది. పై పళ్ళు మాత్రం రాత్రంతా ఆ తీపి పాలలో నానుతాయి. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది కాబట్టి కడిగే నీళ్ళు కూడా ఉండవు. పళ్ళ మీద సూక్ష్మజీవులు ఆ చక్కెరను ఆమ్లంగా మారుస్తాయి, ఆమ్లం ఎనామెల్‌లోని ఖనిజాన్ని కరిగిస్తుంది. మొదట చిగురు అంచున సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి గీత కనిపిస్తుంది. చాలామంది దాన్ని పాలగార అనుకుని వదిలేస్తారు. ఆ దశలో పట్టుకుంటే సూది, డ్రిల్లు ఏదీ లేకుండా ఫ్లోరైడ్ పూతతో, అలవాట్ల మార్పుతో ఆపేయవచ్చు. అందుకే నా దగ్గరికి వచ్చే ప్రతి తల్లికీ చెబుతాను: నెలకోసారి వెలుతురులో బిడ్డ పై పెదవి ఎత్తి చిగురు అంచు చూడండి. పాలగార అయితే గుడ్డతో తుడిస్తే పోతుంది. తుడిచినా పోని తెల్ల గీత పుచ్చుకు మొదలు.

మీ బాబుకు ఆ దశ దాటింది. అయినా ముందు పళ్ళన్నిటికీ రూట్ కెనాల్ తప్పనిసరి కాదు. నరం దాకా పోకపోతే సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే ద్రవం పూసి పుచ్చును అక్కడే ఆపవచ్చు. పూసిన చోట పుచ్చు భాగం నల్లగా మారి అలాగే ఉండిపోతుంది, అది ముందే తెలుసుకుని ఒప్పుకోండి. కుదురుగా కూర్చోలేని మూడేళ్ళ పిల్లలకు ఇది మంచి దారి. నల్లబడిందని నలుగురూ ఏదో అంటారన్న బెంగ తల్లులకే ఉంటుంది, ఆ వయసు పిల్లలకు ఉండదు.

సీసా మాన్పించకుండా ఏ వైద్యమూ నిలవదు. ఒక్కరాత్రిలో లాక్కోనక్కర్లేదు. ఈ రాత్రి నుంచే పాలలో చక్కెర మానండి, రెండు రాత్రులకోసారి పాలలో కలిపే నీళ్ళు పెంచుతూ పది పదిహేను రోజుల్లో సీసాలో నీళ్ళు మాత్రమే మిగిలేలా చేయండి. నీళ్ళ సీసా మీద పిల్లలకు మోజు త్వరగానే పోతుంది. పాలు పడుకోబోయే ముందు గ్లాసుతో తాగించి, పళ్ళు తోమి, తర్వాత నీళ్ళు తప్ప ఏమీ ఇవ్వకండి. ఇది చదివి తల్లిపాలు ఆపాలేమోనని ఎవరూ కంగారు పడవద్దు. రెండేళ్ళు, ఆపైన కూడా పాలివ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, నేనూ అదే చెబుతాను. పళ్ళు వచ్చి, బయటి తిండి మొదలైన తర్వాత రాత్రంతా రొమ్ము నోట్లోనే ఉంచుకుని నిద్రపోయే అలవాటును మాత్రం ఏడాది దాటాక మెల్లగా తగ్గించండి.

తీపి విషయంలో మనవాళ్ళు ఎంత తిన్నాడో లెక్కపెడతారు. లెక్కపెట్టాల్సింది ఎన్నిసార్లు అన్నది. ఏదైనా తీపి నోట్లో పడిన కొద్ది నిమిషాల్లో పంటి మీద ఆమ్లం పెరుగుతుంది. లాలాజలం దాన్ని మళ్ళీ మామూలు చేయడానికి అరగంట దాకా పడుతుంది. పండుగ రోజున భోజనంతో పాటు రెండు అరిసెలు తిన్న పిల్లవాడి పళ్ళకు ఒక దెబ్బ తగులుతుంది. పొద్దున పాలలో బిస్కెట్, పదింటికి రస్కు, ఆటో ఎక్కేటప్పుడు చాక్లెట్, సాయంత్రం పొడి కలిపిన పాలు, మారాం చేస్తే ఇంకో బిస్కెట్ తిన్నవాడికి లాలాజలం కోలుకునే వ్యవధే దొరకదు. నా అనుభవంలో చాక్లెట్ కంటే ఎక్కువ పళ్ళను పాడుచేసింది బిస్కెట్. ఎందుకంటే దాన్ని ఎవరూ తీపిగా లెక్కపెట్టరు, మెత్తగా నాని దవడ పళ్ళ గాడుల్లో అతుక్కుపోతుంది. బెల్లం, తేనె, తాటిబెల్లం ఆరోగ్యకరమని పాలలో కలపడం కూడా అంతే. పంటి మీది సూక్ష్మజీవికి బెల్లానికీ చక్కెరకూ తేడా తెలియదు. ‘మా రోజుల్లో ఇవన్నీ ఉన్నాయా, మా పళ్ళు బాగానే ఉన్నాయి కదా’ అని పెద్దవాళ్ళు అన్నప్పుడు వాళ్ళ మాట అబద్ధం కాదు. వాళ్ళ చిన్నతనంలో గంటకోసారి చింపుకుని తినే ప్యాకెట్టు లేదు, రాత్రి తీపి పాల సీసా లేదు. తిండి మారింది కాబట్టి జాగ్రత్తా మారాలి. భారత దంత వైద్య మండలి 2002-03లో జరిపిన దేశవ్యాప్త సర్వేలోనే ఐదేళ్ళ పిల్లల్లో సగం మందికి పైగా పుచ్చు పళ్ళు కనిపించాయి.

కాల్షియం తక్కువై పళ్ళు పుచ్చాయన్న మాట దాదాపు ప్రతి ఇంట్లో వింటాను. పాలపళ్ళ ఎనామెల్ బిడ్డ కడుపులో ఉన్నప్పుడే మొదలై దాదాపు మొదటి పుట్టినరోజు నాటికి పూర్తయిపోతుంది. ఆ తర్వాత తాగించిన కాల్షియం సిరప్ పాలపంటి ఎనామెల్‌లోకి చేరే దారే లేదు. పైగా ఆ సిరప్‌లు చాలావరకు తియ్యనివి, వాటిని పళ్ళు తోమాక, నిద్రకు ముందు పట్టిస్తారు. పిల్లల డాక్టరు ఎముకల కోసమో డి విటమిన్ లోపానికో రాస్తే తప్పకుండా వేయండి, రాత్రి బ్రష్‌కు ముందు వేయండి. దగ్గు మందులకూ అదే నియమం. పుచ్చుకు మాత్రం అది మందు కాదు. ‘మా వంశంలో అందరి పళ్ళూ ఇంతే’ అన్నది కూడా చాలావరకు వంశపు అలవాటే అయి ఉంటుంది. పంటిలో పురుగు ఉందని వాకుడు గింజల పొగ పట్టించి పురుగులు రాల్చి చూపించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. పంటిలో పురుగు ఉండదు. పసివాడి నోట్లోకి పొగ పట్టించడం ప్రమాదం.

ఇప్పుడు ఫ్లోరైడ్. మీ భయాన్ని కొట్టిపారేయను, నల్గొండ జిల్లాలో పుట్టినవాళ్ళకు ఆ భయం ఊరికే రాలేదు. మన దేశంలో నీళ్ళలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే జబ్బును 1937లో మొదట వివరించింది అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల నుంచే. నీళ్ళలోంచి ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తీసే పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు. వంగిపోయిన నడుములను, గోధుమ రంగు చారల పళ్ళను చూస్తూ పెరిగినవారికి పేస్టు డబ్బా మీద ఆ మాట కనిపిస్తే గుండె గుభేలుమనడం సహజం.

అయితే లెక్క చూడండి. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండటం మంచిది, వేరే దారి లేకపోతే 1.5 దాకా పరిమితి. మన దేశంలో పేస్టులో ఫ్లోరైడ్ 1000 పి.పి.ఎం., అంటే కిలోకు 1000 మిల్లీగ్రాములు, దాటకూడదన్నది చట్టం. ఆ పేస్టును బియ్యపు గింజంత వేస్తే అందులో ఉండేది సుమారు 0.1 మిల్లీగ్రాము. బిడ్డ ఉమ్మకుండా మొత్తం మింగేసినా అంతే. లీటరుకు 4 మిల్లీగ్రాములు ఉన్న బోరు నీళ్ళు రోజుకు ఒక లీటరు తాగిన బిడ్డకు నలభై గింజల పేస్టు మింగినంత ఫ్లోరైడ్ ప్రతిరోజూ ఒంట్లోకి పోయింది. నల్గొండ కష్టం నీళ్ళది. నీళ్ళు ఎన్నిసార్లు మరిగించినా ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఊరికి వెళ్ళినప్పుడు పిల్లలకు బోరు నీళ్ళు పట్టకండి, మిషన్ భగీరథ నల్లా నీళ్ళో ఆర్ఓ నీళ్ళో పట్టండి. ఇప్పటికీ బోరు నీళ్ళే తాగే ఇళ్ళవారు ముందు నీటి పరీక్ష చేయించుకుని, ఏ పేస్టు వాడాలో తమ దంత వైద్యుణ్ణి అడగాలి. హైదరాబాదులో ఆర్ఓ నీళ్ళు తాగే మీ బాబుకు నీటి ద్వారా ఫ్లోరైడ్ దాదాపు అందదు. కరిగిన ఖనిజం తిరిగి పంటి మీద చేరడానికి పేస్టులోని ఆ కొద్దిపాటి ఫ్లోరైడే వాడికి ఆధారం.

కాబట్టి మూడేళ్ళ లోపు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ళ దాకా బఠానీ గింజంత. ప్రకటనల్లో చూపించినట్టు బ్రష్ పొడవునా వేస్తేనే తప్పు. ఉమ్మడం వచ్చేదాకా ఫ్లోరైడ్ పేస్టు వద్దని పాత సలహా ఉండేది, కొందరు ఇంకా అదే చెబుతారు. మొదటి పన్ను నుంచే గింజంత వాడవచ్చని అమెరికా దంత వైద్య సంఘం 2014లో సలహా మార్చింది. పేస్టు మీరే వేయండి, గొట్టం బాబుకు అందకుండా ఉంచండి. పండ్ల రుచి పేస్టును పిల్లలు చాటుగా తినేస్తారు.

వేప పుల్ల పెద్దవాళ్ళ చేతిలో బాగానే ఉంటుంది, మూడేళ్ళ నోట్లో చిగురును గీరుతుంది. బొగ్గు, ఉప్పు, ఇటుక పొడి పల్చటి పాలపంటి ఎనామెల్‌ను అరగదీస్తాయి. పళ్ళపొడుల్లోనూ పేస్టుల్లోనూ పొగాకు కలపడాన్ని 1992లోనే నిషేధించారు. సంతలో విడిగా అమ్మే పేరులేని పొడుల్లో ఏముందో తెలియదు కాబట్టి వాటిని పిల్లల నోటి దగ్గరికి రానివ్వకండి.

పిల్లవాడే బ్రష్ చేసుకుంటాడని మురిసిపోయే తల్లిదండ్రులను చూసి నాకు దిగులే కలుగుతుంది. చేతివేళ్ళకు ఆ నైపుణ్యం ఏడెనిమిదేళ్ళకు గానీ రాదు. వాడి ముచ్చట కోసం ముందు వాణ్ణి చేయనివ్వండి, తర్వాత మీరు చేయండి. నేల మీద కూర్చుని, బాబు తలను మీ ఒడిలోకి వెల్లకిలా పెట్టుకోండి. ఎడమచేతి చూపుడువేలితో పై పెదవి ఎత్తండి, పెదవిని చిగురుకు కలిపే సన్నటి పొర మీద బ్రష్ తగలకుండా ఆ వేలే అడ్డం పెట్టండి. పెదవి ఎత్తకుండా తోమడం వల్లే చిగురు అంచున పాచి మిగిలిపోతుంది. కుచ్చులు సగం చిగురు మీద, సగం పంటి మీద ఉండేలా పెట్టి చిన్న చిన్న చుట్లు తిప్పండి. దవడ పళ్ళ నమిలే వైపు ముందుకూ వెనక్కూ తోమండి. మొదటి వారం ఏడుస్తాడు. ఏడుపుకు నోరు తెరుచుకుంటుంది, మీకు దవడ పళ్ళు బాగా కనిపిస్తాయి, ఆ ఏడుపు వల్ల వాడికి ఏ హానీ లేదు. ఆపకండి. పాట పాడుకుంటూ రెండు నిమిషాలు చాలు. తర్వాత నురగ ఉమ్మించండి, నీళ్ళతో పుక్కిలించనక్కర్లేదు. ఆ కాస్త ఫ్లోరైడ్ పంటి మీద మిగలడమే మనకు కావాలి. ఉదయం హడావిడిలో ఒక పూట తప్పిందంటే క్షమించవచ్చు, రాత్రి బ్రష్ తప్పకూడదు. పాపకు వచ్చిన పళ్ళకు కూడా ఇదే పద్ధతి, చిన్న తల ఉన్న మెత్తటి బ్రష్‌తో. పాపను మొదటి పుట్టినరోజు లోపే ఒకసారి దంత వైద్యుడికి చూపించండి. నొప్పి లేనప్పుడు వచ్చిన బిడ్డకు ఆ కుర్చీ అంటే భయం పుట్టదు.

ముందు ముందు మిమ్మల్ని అనవసరంగా కంగారు పెట్టేవి కొన్ని ఉన్నాయి. పాలపళ్ళ మధ్య సందులు మంచివే, పెద్ద పళ్ళకు చోటు కావాలి. కింది శాశ్వత పళ్ళు పాలపళ్ళ వెనక నుంచి రెండో వరసలా మొలిస్తే చాలాసార్లు నాలుకే వాటిని ముందుకు నెడుతుంది, పాలపన్ను కదలకపోతేనే తీయించాలి. కొత్తగా వచ్చిన శాశ్వత పళ్ళు పాలపళ్ళ పక్కన కాస్త పసుపుగా కనిపించడం సహజం. ఎనిమిదేళ్ళప్పుడు పై ముందు పళ్ళ మధ్య కనిపించే సందు కోరపళ్ళు దిగేసరికి చాలామందిలో దానంతటదే మూసుకుంటుంది.

నిజంగా కాచుకుని ఉండాల్సింది ఆరో ఏట. ఏ పన్నూ ఊడకుండానే, పాలపళ్ళ వరసకు చివర, వెనకగా నాలుగు మూలలా నాలుగు పెద్ద దవడ పళ్ళు వస్తాయి. ఏదీ ఊడలేదు కాబట్టి ఇంట్లో అవి కూడా పాలపళ్ళే అనుకుంటారు. అవి జీవితాంతం ఉండాల్సినవి. బ్రష్ అంత వెనక్కి పోదు, గాడులు లోతుగా ఉంటాయి, బడికి వెళ్ళే వయసులో తొందరగా పుచ్చేవి అవే. మీ బాబుకు ఐదున్నరేళ్ళు దాటినప్పటి నుంచీ ఒడిలో పడుకోబెట్టుకున్నప్పుడల్లా ఆ చివర టార్చి వేసి చూడండి. నమిలే భాగమంతా బయటపడగానే తీసుకెళ్ళి గాడులు మూసే సీలెంట్ వేయించండి. డ్రిల్లు గానీ మత్తు సూది గానీ అవసరం లేదు, ఒక్కసారి కూర్చుంటే అయిపోతుంది. తర్వాత ఆరు నెలలకోసారి అది ఊడిందేమో చూపిస్తే చాలు.